గాలి మిషన్‌కు నేనాడిన బేరం

పశువుల బేరంలో మా గౌనిపల్లి చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని ముప్పై ఏళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఊళ్ళోవాళ్ళూ ఆ మాట అనేవాళ్ళు, కాకపోతే నవ్వుతూ అనేవాళ్ళు. ఆవు కొనాలన్నా అమ్మాలన్నా నన్ను వెంటబెట్టుకుని సంతకు పోయేవాళ్ళు. తువ్వాల కింద చెయ్యి పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పే విద్య మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో నాలుగు పాడి ఆవులున్నాయి. రెండెకరాల మామిడి తోట ఉంది. రాగులు మా తిండికి సరిపోతాయి. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన పని డబ్బు లేక చేసింది కాదు. పేదరికమన్న సాకు ఒకటుంటే దాని వెనక మొహం దాచుకునేవాణ్ణి. నాకు అదీ లేదు.

నా భార్యది నిద్ర జబ్బు. అది జబ్బని తెలిసింది ఈమధ్యనే. అంతకు ముందు పదేళ్ళపాటు అది నాకు నవ్వులాట. డెయిరీ దగ్గర పాల క్యాను పట్టుకుని వరుసలో నిలబడే కునికేది. పెళ్ళికి పోతే తాళి కట్టే వేళకు గోడకు తల ఆనించి నిద్రపోయేది. గురక సంగతి చెప్పనే అక్కర్లేదు. "మా ఇంట్లో ఒక రైసు మిల్లు ఉండాది, కరెంటు బిల్లు లేదు" అని నలుగురిలో అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది. నిద్రమొహం అని పేరు కూడా పెట్టాను. అలిసిపోయానంటే సోమరితనమన్నాను. తలనొప్పి అంటే కాఫీ తాగమన్నాను.

ఒక మధ్యాహ్నం సంగటి కెలుకుతూ కెలుకుతూ కునికింది. ఎడమచెయ్యి పాత్ర అంచుకు ఆనింది. తోలు కాలితే గానీ మెలకువ రాలేదు. కట్టు కట్టిన డాక్టరు ఎట్లా కాలిందని అడిగి, మొత్తం విని, మమ్మల్ని కోలారుకు పంపించాడు. అక్కడ ఒంటినిండా వైర్లు తగిలించి నిద్ర పరీక్ష చేశారు.

పరీక్ష కాగితం చూసి అక్కడి డాక్టరు చెప్పింది ఇది. పడుకోగానే గొంతు మూసుకుపోతుంది. గాలి ఆగిపోతుంది. ఊపిరందక మెదడు ఉలిక్కిపడి ఆమెను కదిలిస్తుంది. కాసేపటికి మళ్ళీ అదే వరస. "ఈయమ్మ పదేండ్లుగా నిద్రపోలేదు. సుమ్నే, ఊరికే పండుకోని ఉండాది, అంతే" అన్నాడు. గుండె మీద భారం పడుతోందనీ, ఆలస్యం చేయవద్దనీ చెప్పి, ముక్కుకు మాస్కు తగిలించి గాలి పంపే మిషన్ ఒకటి రాసిచ్చాడు. గాలి ఎంత ఒత్తిడితో పోవాలో, మాస్కు ఏ రకమో అన్నీ ఆ చీటీలో ఉన్నాయి. ఆమె డాక్టరును ఒక్కటే అడిగింది.

"అది పెట్టుకుంటే వంట చేసేటప్పుడు నిద్ర రాదా సార్?"

బస్సు ఎక్కి కూర్చున్నాక, "అట్లయితే నేను సోమరిదాన్ని కాదు కదా" అంది. నన్ను దెప్పడానికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కిటికీ లోంచి చూస్తూ, "మిషన్ తెద్దాంలే" అన్నాను.

ఆ చీటీ చేతిలో పడగానే నాలోని దళారి లేచి కూర్చున్నాడు. మొదట బెంగళూరు పోయాను. చలిపెట్టే ఏసీ అంగడి. బల్ల మీద ప్లాస్టిక్ తలకాయ, దానికి మాస్కు. అరవై ఐదు వేలన్నారు. ఇంటికొచ్చి మాస్కు సరిచేస్తాం, రెండేళ్ళు ఊరికే సర్వీసు చేస్తామన్నారు. మా ఊరి పేరు చెప్పగానే, ఇంటికి రావడం బెంగళూరు లోపల వరకేనని, మాకైతే వీడియోలో చెబుతామని అన్నారు. కాలు మోపని సర్వీసుకు దుడ్డెందుకయ్యా అని లేచి వచ్చాను. ఆ మాట సరైనదే. నా బేరాల్లో సరైన మాటలు కూడా కొన్ని ఉంటాయి.

ఫోన్‌లో చూస్తే అదే మిషన్ యాభై రెండు వేలకు దొరుకుతోంది. పెట్టె ఇంటికొస్తుంది, మనిషి రాడు. మాస్కు ఒకసారి మొహానికి పెట్టుకుంటే వెనక్కి తీసుకోరు. నా భార్య ముక్కు చిన్నది, దవడ వెడల్పు. ఏది సరిపోతుందో పెట్టి చూడకుండా తెలియదు.

మూడోది కోలారు పక్కన తమకలోని ఒక చిన్న అంగడి. ముందర చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ సిలిండర్లు, లోపల ఒక్కడే మనిషి. నలభై దాటినవాడు, బక్కగా ఉంటాడు. యాభై ఎనిమిది వేలన్నాడు. మూడు నాలుగు రకాల మాస్కులు ఇంటికే తెచ్చి, పగటిపూట ఒక్కోటీ పెట్టి పడుకోబెట్టి చూస్తానన్నాడు. నెల లోపల మాస్కు కుదరకపోతే మార్చి ఇస్తాడట. మిషన్ చెడితే బాగయ్యేదాకా ఇంకో మిషన్ ఇస్తాడట. నేను మామూలు ప్రకారం మొహం చిట్లించి, ఇంత ఖరీదా అన్నాను.

"మిషన్ ఎవురైనా అమ్మతారన్నా. నేనమ్మేది ఆ తర్వాత వచ్చే రెండేండ్లు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని పైకి తెలియనివ్వకూడదని మా విద్యలో మొదటి పాఠం. బెంగళూరులో నలభై ఐదుకే ఇస్తామన్నారని అబద్ధం చెప్పాను. "అట్లయితే ఆడే తీసుకోండన్నా, మంచి ధర" అన్నాడు. ఎగతాళి కూడా లేదు గొంతులో. సంతలో మేం లేచి నడిస్తే పది అడుగులు పడేలోపల అమ్మేవాడు పిలుస్తాడు. లేచాను. నెమ్మదిగా నడిచాను. పది అడుగులు పడ్డాయి. ఎదురుగా ఉన్న హోటల్లో, అతనికి కనపడేటట్టు కూర్చుని అరగంటపాటు ఒక కాఫీ తాగాను. అతను వంగి కూర్చుని ఒక కుర్చీ చక్రం బిగించుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి అతని ఫోన్ కోసం చూశాను. పద్దెనిమిది రోజులు చూశాను. ఇది చదివేవాళ్ళకు నవ్వొస్తుందేమో, నాకిప్పుడు రావడం లేదు. అతను పిలుస్తాడనీ, యాభైకి దిగుతాడనీ, నేను నలభై ఎనిమిది అంటాననీ లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. పక్కనే ఆమె ఊపిరి ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉండేది. ఒకసారి అడిగింది, "మిషన్ ఎప్పుడొస్తాది?" అని. "బేరం నడస్తా ఉండాది" అన్నాను. తల ఊపి పనిలోకి పోయింది. నా బేరాల మీద ఈ లోకంలో అందరికంటే ఎక్కువ నమ్మకం ఆమెకే.

పందొమ్మిదో రోజు సాయంత్రం పాలు పితుకుతూ నిద్రలోకి జారింది. నుదురు ఆవు డొక్కకు ఆనింది. ఆవు బెదిరి పక్కకు జరిగింది. ఆమె ముందుకు పడింది, బకెట్ అంచు తగిలి పెదవి చీలింది. నేను పరుగెత్తి పోయేసరికి పాలల్లో నెత్తురు కలిసి ఉంది. ఆమె నా మొహం చూసి, "పాలన్నీ పోయినాయి" అంది, తప్పు చేసిన పిల్లలాగా.

మరునాడు పొద్దున్నే తమక పోయాను. కొత్తదే కొనేద్దామనుకుని పోయానని రాయాలని ఉంది. కానీ బస్సులో కూడా నేను యాభై ఐదా యాభై నాలుగా అని ఆలోచించాను. అంగడివాడు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పెదవి సంగతి చెప్పాను. అతను చేతిలో పని పక్కన పెట్టాడు.

"మీకు కొత్తది కొనే మనసు లేదు. అక్కకు ఆగే టైము లేదు. ఒకటి చెప్తా వినండి. రెండేండ్ల కిందట కేజీఎఫ్‌లో ఒకాయనకు నేనే మిషన్ ఇచ్చినాను. ఆయన పోయి నాలుగు నెలలాయె. ఆయన భార్య ఇరవై ఐదుకు అమ్మతానంటా ఉండాది. నేను చూసినాను, న్యాయమైన ధర. అక్కకు రాసిన ప్రెషర్ దాంట్లో వస్తాది. మీరు తీసుకోని రండి. కడిగి, కొత్త మాస్కు పెట్టి, మీ ఇంటికొచ్చి నేనే చూసుకుంటా. నా సర్వీసుకు ఏదో ఇవ్వండి."

సరేనన్నాను. మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచాడు. ఎట్టకేలకు పిలిచాడు.

"అన్నా, ఆడ బేరమాడొద్దండి. ఆయమ్మకు అది తెలీదు."

కేజీఎఫ్‌లో ఆ ఇల్లు బంగారు గని కూలీల పాత లైన్లలో ఉంది. ఒకదానికొకటి ఆనుకున్న రేకుల ఇళ్ళు, వీధి చివర బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ. ఆమెకు యాభై దాటి ఉంటాయి. వాకిట్లో కుట్టు మిషన్ మీద ఏదో లంగా కుడుతూ, నన్ను చూసి లేచింది. తమక అంగడి పేరు, మా ఊరి పేరు చెప్పి, మిషన్ నా భార్యకని అనగానే లోపలికి రమ్మని కుర్చీ తుడిచి వేసింది. గోడ మీద యేసు పటం, దాని కింద భర్త ఫొటో. కాఫీ పెడతానంది.

"ఇప్పుడే తాగొచ్చినానమ్మా" అన్నాను.

తాగలేదు. ఆ ఇంట్లో తాగకూడదని నాలో ఉన్నదేదో చెప్పింది. దాని పేరు నాకు తెలుసు. ఆమెకూ తెలుసు కాబట్టే రెండోసారి అడగలేదు.

భర్త గనిలో డ్రిల్లు పట్టినవాడు. గనులు మూతపడ్డాక పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఒకరోజు స్టేషన్ మెట్లెక్కుతూ గుండె ఆగి పడిపోయాడు. డ్రిల్లు పట్టి పట్టి ఆయన వేళ్ళు కొయ్యబారి ఉండేవట. మాస్కు పట్టీలు తనకు తాను బిగించుకోలేకపోయేవాడట. రోజూ ఆమే బిగించేది. ఇదంతా నేను అడగకుండానే చెప్పింది, మిషన్ సంచి విప్పుతూ. మిషన్‌ను తెల్ల తువ్వాలలో చుట్టి పెట్టింది. గొట్టం కడిగి ఆరబెట్టి ఉంది. నేను చూసిన ఏ ఆవునూ ఎవరూ అంత శుభ్రంగా సంతకు తేలేదు.

నేను మొదలుపెట్టాను. పైన గీత పడిందన్నాను. "అవునన్నా, ఒగసారి కింద పడినాది" అంది. గొట్టం పసుపెక్కిందన్నాను. అవునంది. శబ్దం ఎక్కువన్నాను, పాత రకమన్నాను. అన్నిటికీ అవుననే అంది. సంతలో నేను ఆవు పళ్ళు అరిగాయంటే అమ్మేవాడు నా కళ్ళే అరిగాయంటాడు. ఒంటి మీద సుడి బాగా లేదంటే నా మొహం బాగా లేదంటాడు. ఆ గలాటా లేకపోతే అది బేరమే కాదు. ఆమె ఒప్పుకుంటూ పోతుంటే నాకు అడ్డు లేకుండా పోయింది. ఇరవైకి దిగింది. అక్కడ ఆగి ఉండవచ్చు. అంతకంటే తక్కువకు ఆ మిషన్ ఎక్కడా దొరకదని నాకు తెలుసు. కానీ ఆమె గొంతులో బెదురు విన్నాను. బెదిరినవాళ్ళు ఇంకా దిగుతారని నా ముప్పై ఏళ్ళ విద్య చెప్పింది.

అప్పుడు అన్నాను. ఆ మాటలు అప్పుడు అన్నవి అన్నట్టే రాస్తున్నాను.

"ఇది సరిగ్గా పని చేసింటే ఆయన గుండె ఆగేది కాదు కదమ్మా. దీంట్లో యాడో లోపం ఉండాది. లేదంటే మాస్కు సరిగ్గా పెట్టలేదో ఏమో."

ఆమె తువ్వాల మడతపెడుతూ ఉండింది. చేతులు ఆగిపోయాయి.

"నేను సరిగ్గానే పెట్టేదాన్నన్నా" అంది. తువ్వాల విప్పి మళ్ళీ మడతపెడుతూ, "నాకూ అదే అనిపిస్తా ఉండాది" అంది. తర్వాత "మీకెంత తోస్తే అంత ఇవ్వండి" అంది.

నేను పన్నెండు వేలన్నాను. ఇచ్చాను. ఆమె లెక్కపెట్టలేదు.

మా సంతలో ఒక ఆనవాయితీ ఉంది. దాన్ని తప్పు దించడమంటాం. బేరంలో ఆవు మీద ఎన్ని తప్పులు మోపినా, డబ్బు చేతులు మారగానే కొన్నవాడి తరపు దళారి ఆవు వీపు మీద చెయ్యి వేసి, అమ్మినవాడికి వినపడేటట్టు, "లక్ష్మి లాంటి ఆవును ఇచ్చినావు, నేనన్నదంతా ధర కోసం" అని చెప్పాలి. చెప్పకపోతే అమ్మినవాడి మిగతా పశువుల మీదికి ఆ తప్పులు పోతాయని మావాళ్ళ నమ్మకం. నా జన్మలో ఒక్కసారి కూడా మానలేదు. పగవాడి ఆవు కొన్నప్పుడు కూడా చెప్పాను. ఆ రోజు ఆమెకు చెప్పలేదు. మిషన్ బాగుందని చెబితే, మరి పన్నెండేనా అని అడుగుతుందేమోనని భయపడ్డాను. అదే కారణం. సంచి చంకలో పెట్టుకుని బస్సుకు నడిచాను.

తమక అంగడివాడు మిషన్ విప్పి, లోపల ఉన్న చిన్న కార్డు తీసి కంప్యూటర్‌కు పెట్టాడు. ఆ మిషన్ ప్రతి రోజూ ఎన్ని గంటలు నడిచింది, మాస్కు పక్కనుంచి గాలి ఎంత పోయింది, ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, అన్నీ అందులో నమోదవుతాయట. చాలాసేపు చూశాడు.

"మిషన్ కొత్తదాని మాదిరే ఉండాదన్నా. ఆయన పోయిన ముందు దినం కూడా సరిగ్గా నడిచినాది. మాస్కు నుంచి గాలి పోయిందే లేదు, రెండేండ్లలో ఒక్క దినం కూడా. ఇంత బాగా పెట్టినోళ్ళను నేను చూడలేదు. గుండె వేరే కారణంతో ఆగినట్టుంది, పాపం." తర్వాత అడిగాడు. "ఆయమ్మకు ఇరవై ఐదూ ఇచ్చినారు కదా?"

"ఇచ్చినాను" అన్నాను.

అతను వారంలోపలే మా ఇంటికి వచ్చాడు. నా భార్యకు మూడు మాస్కులు మార్చి చూశాడు. మూడోది కుదిరింది. ఆ మధ్యాహ్నమే దాన్ని పెట్టుకుని పడుకుంది. పదేళ్ళ తర్వాత మా ఇంట్లో ఆమె పడుకున్నా శబ్దం లేదు. అంత నిశ్శబ్దానికి అలవాటు లేక నేను నాలుగుసార్లు పోయి చూశాను, ఊపిరి ఉందా అని. లేచి కూర్చుని, అరచేత్తో మొహం తుడుచుకుని, "తలకాయ నాదే కానట్టుండాది, అంత తేలిగ్గా ఉండాది" అంది. నెల తిరిగేసరికి మనిషే మారిపోయింది. డెయిరీలో వరుసలో నిలబడి కబుర్లు చెబుతోంది. రైసు మిల్లు మూసినారా అని ఎవరో అడిగితే, మీ అన్ననే అడగండి, బేరం ఆయనదే అని నవ్విందట. పన్నెండు వేలకు తెచ్చానని ఆమెకు గొప్పగా చెప్పాను. ఎట్లా తెచ్చానో చెప్పలేదు.

తమక మనిషి ఆ తర్వాత కూడా రెండుసార్లు స్కూటర్ వేసుకుని వచ్చి ఫిల్టర్ మార్చాడు. ముక్కు మీద పుండు పడకుండా పట్టీ వదులు చేశాడు. పెట్రోలుకని కూడా అడగలేదు. నేను ధరలు పోల్చి చూసుకున్నన్ని రోజులూ సర్వీసంటే మిషన్‌తో పాటు ఉచితంగా రాబట్టుకోవాల్సిన వస్తువనే అనుకున్నాను. దాని వెనక ఒక మనిషి ఎండలో అంతదూరం వస్తాడని నాకు తట్టలేదు.

కేజీఎఫ్ ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. ఎన్నిసార్లు తీశానో. మిషన్ బాగుంది, నువ్వు మాస్కు బాగానే పెట్టావు అని రెండు ముక్కలు చెబితే అయిపోతుంది. చెబితే నేను అబద్ధమాడానని తేలుతుంది, మిగతా పదమూడు వేలు ఇవ్వాల్సి వస్తుంది. మామిడి అమ్మాక చెబుదామనుకున్నాను. మామిడి అమ్మాను. ఆమె ఆ మాట ఎప్పుడో మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను. బేరంలో అన్న మాట సంత దాటి రాదని మా నమ్మకం కదా, దాన్నే ఆమె మీద కూడా మోపాను. ఏడు నెలలు గడిచాయి.

మొన్న ఒక మధ్యాహ్నం పశువులకు గడ్డి వేస్తున్నాను. వాకిట్లో ఎవరో నిలబడ్డారు. కేజీఎఫ్ ఆమె అని ముందు గుర్తుపట్టలేదు. సగమైపోయింది మనిషి. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. రెండు బస్సులు మారి, దారి అడుగుతూ వచ్చిందట. నన్ను చూసింది, కానీ నన్ను దాటి ఇంట్లోకి చూస్తోంది.

"అక్క ఉండాదా అన్నా?" అంది.

ఆ "ఉండాదా" ఏ అర్థంలో అడిగిందో నాకు వెంటనే తెలియలేదు. లోపల ఉందమ్మా అన్నాను. నా భార్య బయటికొచ్చి, ఎవరో ఏమిటో తెలియకపోయినా, రామ్మా కూర్చో అంది. ఆమె నా భార్యను తలనుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత మా గుమ్మం మెట్టు మీద కూలబడింది.

నా భార్య నీళ్ళు తెచ్చింది. తాగి, కొంగులో కట్టుకున్న ముడి విప్పి, నోట్లు మెట్టు మీద పెట్టింది. ఆమె ఎవరో అప్పుడు నా భార్యకు చెప్పాను.

"పన్నెండు వేలు ఉండాయక్కా. ఆ మిషన్ నాకిచ్చేయండి. అది మంచిది కాదు. అన్న ఆ పొద్దే కనిపెట్టినాడు, నేనే దుడ్డు తీసుకోని చెడ్డదాన్ని ఇచ్చేసినాను. మా ఆయన్ని అదే తీసుకోనిపాయె. నేను మాస్కు పెట్టింది కూడా సరిగ్గా లేదేమో. నీకేమన్నా అయితే నేను యాడికని పోయేది? ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు అనుకుంటి. ఎత్తినోళ్ళు నువ్వు లేవని చెప్తారేమోనని భయమాయె. దుడ్డు పొదుపు చేసేదానికి ఇంగ ఇన్ని నెల్లు పట్టినాది."

నా భార్య నా వైపు చూసింది. కోపం కాదు. ఏం జరిగిందో నేను చెబుతానని ఎదురుచూస్తోంది, అంతే. గడ్డి మోపు ఇంకా నా చేతిలోనే ఉంది. పారిపోవడానికి చోటుంటే పారిపోయేవాణ్ణి.

"మిషన్ బాగుండాది తల్లీ" అన్నాను. "ఆ పొద్దూ బాగుండింది. తెచ్చిన దినమే తమక అంగట్లో చూసినారు. లోపల కార్డులో అంతా రాసుండాది. ఆయన పోయిన ముందు దినం కూడా సరిగ్గా నడిచినాది."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"మరి ఆ పొద్దు యాల అట్లంటిరి?"

"ధర తగ్గించేదానికి."

"అంతేనా?" అంది.

"అంతే."

"దుడ్డు కోసరమేనా అన్నా?"

అవునన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఊపిరి వదిలింది. అది ఏడుపు కాదు. నా భార్య పోయి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. నా వైపు మళ్ళీ చూడలేదు. ఆ రోజంతా చూడలేదు.

నేను లోపలికి పోయి, బీరువాలోంచి పదమూడు వేలు తీసి, ఆమె తెచ్చిన పన్నెండు వేల మీద పెట్టాను. ఆమె వాటిని చూడను కూడా చూడలేదు.

"మాస్కు?" అంది. "మాస్కు గురించి ఏమన్నా రాసుండాదా?"

"ఉండాది. గాలి పోయిందే లేదంట. రెండేండ్లలో ఒక్క దినం కూడా. నీ అంత బాగా పెట్టినోళ్ళను తమక అంగడి ఆయప్ప చూడలేదంట."

"మళ్ళీ చెప్పన్నా" అంది.

చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. కాసేపటికి మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. నా భార్య ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆమె అట్లాగే నా భార్య భుజం మీదికి తల వాల్చి, నేను మూడోసారి చెబుతూ ఉండగానే నిద్రపోయింది. ఏడు నెలల కిందట, తమక అంగడి మెట్లు దిగుతూ ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఒక్కసారి చెబితే సరిపోయేది.